నల్లగొండ నుంచి పిల్లలతో ఒక్కరోజు జూ: పిల్లలమర్రా, హన్మకొండా, హరిణ వనస్థలా?

పానగల్లు నాన్న:

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో జూకి తీసుకెళ్ళమని ఇంట్లో పిల్లల గొడవ మొదలైంది. పెద్దోడు ఆరో తరగతి, చిన్నది ఒకటో తరగతి, మా అమ్మ కూడా వస్తానంటోంది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. హైదరాబాద్ నెహ్రూ జూ ఇదివరకే చూశాం. 380 ఎకరాలు, చిన్న విషయం కాదు. బ్యాటరీ బండి ఎక్కితే ఏదీ నింపాదిగా చూడనివ్వరు, నడిస్తే సగం దాటేసరికే పిల్లలు కాళ్ళు పీకుతున్నాయని కూర్చుంటారు. పోయినసారి చివరి సగం ఏం చూశామో ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు.

అందుకే ఈసారి చిన్న జూ ఏదైనా చూద్దామని. నా మనసులో మూడు ఉన్నాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, హన్మకొండలో కాకతీయ జూ, వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి. పిల్లలమర్రి దగ్గర ఉన్నది నిజంగా జూనా, లేక నాలుగు జింకలు పెట్టి బోర్డు తగిలించారా? హన్మకొండ మాకు పొద్దున బయల్దేరితే మూడు గంటలు, అంత దూరం పోయినందుకు సరిపడా ఉంటుందా? పులి లేకపోతే అది జూనే కాదని మావాడి వాదన. గూగుల్ రివ్యూలు చూస్తే ఒకరు 5 స్టార్లు, ఒకరు 1 స్టారు, ఇద్దరూ కారణం రాయరు. రెండు మూడు చోట్లా చూసినవాళ్ళు పోల్చి చెప్తే మేలు.

పాలమూరు టీచరమ్మ:

నమస్తే అండీ. మా పాలమూరు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఊరి మీద అభిమానంతో ఎక్కువ చేసి చెప్పను. పిల్లలమర్రికి జంతువుల కోసం రాకండి. చెట్టు కోసం రండి. జంతువులు కొసరు.

ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరం. చెట్టు వయసు 700 ఏళ్ళు అంటారు, ఊడలు దిగి దిగి మూడెకరాలకు పైగా పరుచుకుంది, అసలు మాను ఏదో కనుక్కోండి చూద్దాం అని పిల్లలకు పందెం పెడితే గంటసేపు మిమ్మల్ని ఇబ్బంది పెట్టరు. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది, లోపలంతా చెదలు. 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందు ఎక్కించారు, ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. వాలిన కొమ్మల కింద ఆధారంగా దిమ్మెలు కట్టారు, దిగుతున్న ఊడలకు గొట్టాలు తొడిగి మట్టిలోకి పంపారు. మా ఆరో తరగతి పిల్లలు ఏ పులి గురించీ అడగనన్ని ప్రశ్నలు ఆ గొట్టాల గురించి అడిగారు. చెట్టుకు ఇంజెక్షన్ నొప్పి పుడుతుందా అని ఒకడు, మందు ఆకుల్లోకి పోతే కోతులు చచ్చిపోవా అని ఇంకొకడు. రెండో ప్రశ్నకు నేను ఇంటికొచ్చి పుస్తకం తీయాల్సి వచ్చింది.

ఇక జింకల పార్కు, చిన్న జూ, చేపల తొట్లు, పురావస్తు మ్యూజియం, శ్రీశైలం ముంపు నుంచి రాళ్ళు తరలించి మళ్ళీ కట్టిన గుడి, ఇవన్నీ ఒకే ఆవరణ చుట్టూ ఉంటాయి. మీ అమ్మగారికి నడక తక్కువ, నీడ ఎక్కువ, కూర్చోవడానికి చోటు ఉంటుంది. జంతువులంటే మాత్రం చుక్కల జింకలు, పక్షులు, అంతే అనుకుని రండి. మీవాడికి పులి కావాలంటే మాత్రం ఇక్కడ దొరకదు. ఇంకో మాట, దసరా టైంలో నెమలిని చూసి పిల్లలు నిరాశపడతారు, వానాకాలం అయ్యేసరికి మగ నెమలి పింఛం ఈకలన్నీ రాల్చేస్తుంది. "టీచర్, ఇది ఆడదా?" అని అడిగితే అదీ సంగతి.

హన్మకొండ పాత కాపు:

పానగల్లు అన్నా, నేను హంటర్ రోడ్డుకు దగ్గర్లో ఉంటా, కాకతీయ జూ నా పొద్దుటి నడకలాంటిది. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక ఉంటే చదువు.

1985లో మొదలైంది. దాదాపు 48 ఎకరాలు, అంటే నెహ్రూ జూలో ఎనిమిదో వంతు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కూడా మధ్యమధ్య బెంచీ మీద కూర్చుంటూ రెండు మూడు గంటల్లో తిరిగి రావచ్చు. ఎలుగుబంట్లు, చిరుతలు, మొసళ్ళు, కణుజులు (సాంబర్ జింకలు), నీల్‌గాయ్‌లు, తాబేళ్ళు, పక్షుల వరుస ఉన్నాయి. మీవాడి వాదనకు కూడా జవాబుంది, 2025లో హైదరాబాద్ నుంచి పెద్దపులుల్ని తెచ్చారు. అవి వచ్చాక ఆదివారం జనం తాకిడి పెరిగింది, నాకైతే పులి రాకముందే బాగుండేది అనిపిస్తుంది కానీ అది నా సొంత గోల.

ఇప్పుడు అసలు విషయం. చిన్న జూని ఎన్ని జంతువులున్నాయో లెక్కపెట్టి కొలవొద్దు. ఆ లెక్కన చూస్తే నెహ్రూ జూ ముందు ఏదీ నిలవదు. నేను చూసేది వేరు. జంతువుకు దాక్కునే చోటు ఉందా? మన వైపు నుంచి తప్ప మిగతా మూడు వైపులా దాన్ని వదిలేశారా, లేక నాలుగు వైపులా జనం నిలబడి అరుస్తున్నారా? నేల సిమెంటా, మట్టా? ఎలుగుబంటి ఉన్న చోట ఒక మొద్దు, ఒక గుంత, ఎక్కడానికి ఏదైనా ఉందా? ఇవి ఉంటే జూలో పది జంతువులే ఉన్నా నేను అరపూట గడుపుతా. ఇవి లేకుండా వంద ఉన్నా పావుగంటలో బయటికొస్తా.

ఒక ఊళ్ళో, పేరు వద్దులే, చాలా ఏళ్ళ కిందట ఒక ఎలుగుబంటిని చూశా. గోడ పక్కన అదే ఆరడుగులు, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, తల అదేపనిగా ఊపుతూ. జనం "చూడు డాన్స్ చేస్తోంది" అని సెల్‌ఫోన్లు తీశారు. అది డాన్స్ కాదు. చేయడానికి పని, వెతుక్కోవడానికి తిండి లేని జంతువుకు వచ్చే జబ్బు అది. అడవిలో ఎలుగు రోజంతా చేసేది చెదపుట్టలు తవ్వడమే. దానికి పైదవడ ముందుపళ్ళలో మధ్య రెండూ ఉండవు, ఆ సందులోంచి చెదల్ని గట్టిగా పీల్చేస్తుంది, ఆ చప్పుడు దూరానికే వినిపిస్తుంది. అలాంటి దానికి గిన్నెలో జావ పోసి పెడితే పది నిమిషాల్లో నాకేసి మిగతా రోజంతా గోడ చూస్తూ గడుపుతుంది. అందుకే బాగా చూసుకునే చోట తేనెను మొద్దు కన్నాల్లో పూస్తారు, పండ్లను రాళ్ళ కింద దాస్తారు. తిండి అదే, దానికి పట్టే టైం మాత్రం గంటలు. మీరు ఏ జూకి పోయినా ఎలుగు దగ్గర ఈ ఒక్కటి గమనించండి, ఆ జూ సంగతి మొత్తం తెలిసిపోతుంది.

జంతువు కనిపించకపోతే డబ్బులు దండగ అని తిట్టుకునేవాళ్ళను రోజూ చూస్తా. చిరుత పొద మాటున పడుకుని తోక కొస ఒక్కటే కనిపిస్తోందంటే ఆ ఎన్‌క్లోజర్ కట్టినవాడికి బుర్ర ఉన్నట్టు.

సరూర్‌నగర్‌లో నల్లగొండోడు:

పాత కాపు గారు చెప్పింది వినడానికి బాగుంది కానీ ఒకటో తరగతి పిల్లకు తోక కొస చూపించి మూడు గంటలు కారులో వెనక్కి తీసుకురండి, అప్పుడు తెలుస్తుంది 😄

హరిణ వనస్థలి సంగతి నేను చెప్తా. అది జూ కాదు, నేషనల్ పార్క్. ఒకప్పుడు నిజాం వేటకు వాడిన అడవి, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆయన పేరు పెట్టారు, 1994లో నేషనల్ పార్క్ అయింది. బోను లేదు, కందకం లేదు. బండిలో కూర్చోబెట్టి లోపల తిప్పుతారు, కృష్ణజింకలు కనిపిస్తే కనిపించినట్టు, లేదంటే తుమ్మ చెట్లు, గడ్డి చూసి రావడమే. విజయవాడ హైవే మీదే కాబట్టి మీకు దారిలో పడుతుంది, దాని కోసమే ప్రత్యేకంగా రోజు కేటాయించేంత కాదు. హైదరాబాద్‌లో వేరే పని ఉన్నప్పుడు పొద్దున్నే కలుపుకోండి. తొమ్మిది దాటితే ఎండకి జింకలు లోపలికి పోతాయి, మనకు మిగిలేది ఆటోనగర్ లారీల హారన్లే.

ఒక లాభం ఉంది. జూలో చుక్కల జింక, ఇక్కడ కృష్ణజింక, రెండూ చూపించి తేడా చెప్పండి పెద్దోడికి. చుక్కల జింక కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి, కృష్ణజింకకు ఒకసారి వచ్చిన మెలి కొమ్ములు చచ్చేదాకా అవే. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రా వాళ్ళది. ఇది పోటీ పరీక్షల్లో వస్తుంది, ఇప్పటినుంచే రుద్దండి.

మక్తల్ రైతు:

జింకలు చూడనీకి టికెట్ పెట్టి పోతున్నరా? మా దిక్కు రాండ్రి సార్, ఉచితం. మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల్లో కంది, పత్తి మొలక పైకి లేస్తే చాలు, కృష్ణజింకలు మందలు మందలుగా దిగుతాయి. రాత్రి కావలి పండుకునేది మేమే. కొట్టరాదు, తరమాలన్నా భయం, వన్యప్రాణి చట్టంల షెడ్యూల్ ఒకటిలో ఉన్న జంతువు, చేయి పడితే జైలు. పట్టి వేరే అడవిలో వదలాలని అటవీ శాఖోళ్ళు చూశారు కానీ దాన్ని పట్టుడు అనుకున్నంత సులువు కాదు, బెదిరిందంటే పరుగులోనే గుండె ఆగి పడిపోతది.

పిల్లలకు చూపిస్తే మాత్రం చూపించాలి సార్. పొద్దుగాల మంచు ఉన్నప్పుడు ఎగిరి దుంకుతుంటే చూడాలి, మా పంట పోయినా ఆ దుంకుడు చూసి నేనే కాసేపు నిలబడతా. వస్తే పొలంలకు కారు దింపకుండ్రి, గట్టు మీద నిలబడి చూడండి. ముడుమాలు నిలువురాళ్ళు కూడా ఆ దగ్గర్లోనే, 2025లో యునెస్కో వాళ్ళ తాత్కాలిక జాబితాలోకి ఎక్కినయి. నల్లగొండ నుంచి దూరమే, కాదనను.

అమ్రాబాద్ అభిమాని:

జూలన్నీ జైళ్ళే. పిల్లలకు బోనులో జంతువుని చూపించి ఏం నేర్పిస్తారు? మన్ననూరు పోండి, ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడండి, నల్లమల అంటే ఏంటో తెలుస్తుంది. 2,600 చదరపు కిలోమీటర్ల టైగర్ రిజర్వ్ పక్కనే పెట్టుకుని 48 ఎకరాల కోసం హన్మకొండ పోతారా?

పాలమూరు టీచరమ్మ:

అభిమాని గారూ, మన్ననూరు మాకూ ఇష్టమే. కానీ అక్కడ పులి కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టకండి. వానాకాలంలో సఫారీ మూసే ఉంటుంది, దసరా అక్టోబర్‌లో పడితే కొత్తగా తెరిచి ఉంటారు, గడ్డి ఏపుగా పెరిగి కణుజు కూడా కనపడదు. పైగా ఆ జీపు కుదుపులు మోకాళ్ళ నొప్పుల పెద్దామెకా?

అన్ని జూలూ జైళ్ళే అనడం కూడా నాకు నచ్చదు. మీ అమ్రాబాద్ అడవిలో మౌస్ డీర్ వదిలారు కదా, కుందేలంత ఉండే బుల్లి జింక, అవి ఎక్కడివి? నెహ్రూ జూలో 2010లో మొదలుపెట్టి సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళతో కలిసి పెంచినవే. జూ లేకపోతే అవి లేవు. ఇక చిన్న జూలకు వచ్చే జంతువుల్లో చాలావరకు ఎక్కడో పట్టుబడ్డవి, బావిలో పడ్డవి, స్మగ్లర్ల సంచుల్లో దొరికిన నక్షత్ర తాబేళ్ళు, ఇళ్ళల్లో పెంచుతుంటే స్వాధీనం చేసుకున్న రామచిలుకలు. వాటిని అడవిలో వదిలితే చాలామటుకు బతకవు. (ఇంట్లో రామచిలుకని పంజరంలో పెట్టడం నేరమని మా స్టాఫ్ రూంలోనే సగం మందికి తెలియదు.)

హన్మకొండ పాత కాపు:

టీచరమ్మ గారు సరిగ్గా చెప్పారు. ఇంకోటి కలుపుతా. మా చిన్నప్పుడు సర్కస్ వస్తే సింహం మంటల రింగులోంచి దూకేది, ఎలుగు సైకిల్ తొక్కేది, అందరం చప్పట్లు కొట్టాం. 1998లో కేంద్రం ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలతో ఆటలాడించడం నిషేధించింది. ఆ సర్కస్ సింహాల్లో కొన్ని ఆఖరికి వైజాగ్ జూ దగ్గరి కేంద్రంలో ముసలివై చచ్చిపోయాయి. జూ వద్దంటే అవి పోయేచోటు ఏది?

అట్లని చిన్న జూలను వెనకేసుకురావట్లేదు. చిన్నవాటి సమస్య డబ్బులు. డాక్టర్ ఒక్కడు, కీపర్లు కొందరే, జంటలో ఒక జంతువు చచ్చిపోతే రెండోది ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉంటుంది, మార్పిడికి పెద్ద జూ ఒప్పుకోవాలి, ఢిల్లీలో సెంట్రల్ జూ అథారిటీ అనుమతి రావాలి. 1992లో ఆ అథారిటీ వచ్చాక ఎన్నో పనికిరాని చోట్లు మూతపడ్డాయి, మంచిదే. కానీ జంతువు రావాలన్నా పోవాలన్నా ఫైలు తిరగాల్సిందే.

పానగల్లు నాన్న:

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మక్తల్ అన్నా, మీ మాట ఇంట్లో చదివి వినిపించా, మా అమ్మ "పాపం రైతు" అంది, మావాడు "ఫ్రీగా చూపిస్తారంట పోదాం" అన్నాడు.

హన్మకొండకే మొగ్గుతున్నాం. రెండు సందేహాలు. ఎన్ని గంటలకు చేరితే జంతువులు లేచి తిరుగుతూ కనిపిస్తాయి? చిన్నది మొసలిని చూసి భయపడుతుంది, కదలకుండా నోరు తెరిచి ఉంటే చచ్చిపోయిందని ఏడుస్తుంది, నెహ్రూ జూలో అదే జరిగింది. ఏం చెప్పాలి?

హన్మకొండ పాత కాపు:

గేటు తెరిచే టైంకి లోపల ఉండాలి, అంటే నల్లగొండలో తెల్లారేలోపే బయల్దేరాలి. రాత్రి గదుల్లోంచి అప్పుడే బయటికి వదులుతారు, తిరిగి చూసుకుంటాయి, వాసనలు పీలుస్తాయి, మూత్రం పోసి గుర్తులు పెట్టుకుంటాయి, మీ పిల్లలకు అదే పెద్ద వినోదం. పన్నెండు నుంచి మూడు దాకా పులి చిరుత ఏవీ కదలవు, రోజులో ఎక్కువ భాగం నిద్రే వాటికి. ఆ టైంలో భోజనం చేసి వేయి స్తంభాల గుడికో భద్రకాళికో పోండి. సాయంత్రం మళ్ళీ చురుకొస్తుంది, తిండి పెట్టే టైం దగ్గరపడిందని వాటికి తెలుసు, లోపలి తలుపు దగ్గర తచ్చాడుతుంటాయి. కానీ అప్పటికి మీరు తిరుగు ప్రయాణంలో ఉండాలిగా.

మొసలి నోరు తెరవడం ఒంట్లో వేడి సర్దుకోవడానికి, దానికి మనలాగా చెమట పట్టదు. "ఏసీ వేసుకుంది" అని చెప్పండి, ఏడవదు. రాయి వేసి లేపుదామనే మహానుభావులు పక్కన తప్పకుండా ఉంటారు, వాళ్ళను ఆపండి. జంతువుల్ని రెచ్చగొట్టడం, తిండి పెట్టడం రెండూ చట్టప్రకారం నేరమే, చిప్స్ ప్యాకెట్‌తో జింక కంచె దగ్గరికి చేరేవాళ్ళకు ఆ బోర్డు మాత్రం కనపడదు. ప్లాస్టిక్ కవరు మింగి చచ్చిన జింకల కడుపు కోసి చూపిస్తే గానీ మనవాళ్ళకు అర్థం కాదేమో.

ఈము పక్షి దగ్గర కూడా కాసేపు ఆగండి, అందరూ పెద్ద కోడి అని దాటేస్తారు. గుడ్లు పెట్టి ఆడది వెళ్ళిపోతుంది, మగది దాదాపు ఎనిమిది వారాలు తిండీ నీళ్ళూ సరిగా లేకుండా పొదుగుతుంది. మీ అమ్మగారికి చెప్పండి, ఆమెకు నచ్చుతుంది.

సరూర్‌నగర్‌లో నల్లగొండోడు:

ఈము అంటే గుర్తొచ్చింది, ఒకప్పుడు మనవాళ్ళు ఈము ఫారాలు పెట్టి నూనె, మాంసం, కోట్లు అని కలలు కని చేతులు కాల్చుకున్నారు. చివరికి వాటికి దాణా పెట్టలేక వదిలేశారు కొందరు. జూలో ఈముని చూస్తే మా బాబాయి ఇప్పటికీ మొహం తిప్పేసుకుంటాడు.

పానగల్లు అన్నా, దూరం మరీ ఎక్కువ అనిపిస్తే ఇంకో మార్గం. సాగర్ మనకు గంటన్నర లోపే, అక్కడి నుంచి ఎత్తిపోతల పది, పన్నెండు కిలోమీటర్లు. జలపాతం కింద మడుగులో మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది, పైనుంచి చూడొచ్చు, మెట్లు దిగాల్సిన పని లేదు. దసరాకి నీళ్ళు కూడా ఉంటాయి.

పానగల్లు నాన్న:

ఎత్తిపోతల చూశాం భయ్యా, మావాడికి అక్కడ పులి లేదు కదా. హన్మకొండే ఖాయం. దసరా తర్వాత రోజు పోదామనుకుంటున్నా.

హన్మకొండ పాత కాపు:

దసరా మరుసటి రోజు వద్దు, ఊరంతా అక్కడే ఉంటుంది. వారంలో ఒకరోజు జూకి సెలవు ఉండాలని నిబంధన, ఆ రోజేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని, సెలవు కాని మామూలు రోజు ఏదైనా పెట్టుకోండి. చాలా జూలలో వారానికోసారి మాంసాహార జంతువులకు ఉపవాసం ఉంటుంది, ఆ రోజు పడితే పులి కొంచెం చిరాగ్గా తిరుగుతుంది, అంటే మీవాడికి పండగే. నీళ్ళ సీసాలు స్టీలువి తెచ్చుకోండి, పార్కింగ్ దగ్గర ఎండ ఎక్కువ కాబట్టి అమ్మగారిని గేటు ముందే దింపండి.